గుర్రం పాయ, నేనూ పోయినా

తప్పు నాదే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే ఆ తరవాత నేను ఎవరినేమన్నా చెల్లుతుందని నా నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఇంగ్లీషు కాగితాలను తెలుగు చేసే ఉద్యోగం నాది. ఎరువుల గురించి, టీకాల గురించి, కోళ్ళ పెంపకం గురించి ప్రభుత్వం తెలుగులో చెప్పిన సంగతులు చాలావరకు నా చేతి మీదుగా వెళ్ళినవే. వాటిని చదివేవాళ్ళుంటారని నేనెప్పుడూ అనుకోలేదు. అందుకే 2007 అక్టోబరులో చెన్నకేశవులు గారు తన పుస్తకం పేరు తెలుగులో రాసిపెట్టమని అడిగినప్పుడు, టీ చల్లారేలోపు రాసి ఇచ్చేశాను.

చెన్నకేశవులు గారిది అనంతపురం జిల్లా. ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, నవంబరు ముప్ఫైన రిటైర్మెంటు. ముప్ఫై ఆరేళ్ళలో ఎవరితోనూ పేచీ పడలేదు, ఎవరి మాటకీ ఎదురు చెప్పలేదు, అందువల్ల ఎవరికీ గుర్తులేరు. అలాంటి మనిషి పదకొండేళ్ళుగా లంచ్ టైములో టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, జన్‌పథ్ మీద పాత దస్తావేజులు ఉండే భవనానికి వెళ్ళి కూర్చుంటున్నారని ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

అక్కడ ఆయన వెతికింది వాళ్ళ ముత్తాత తండ్రిని. పేరు మల్లికార్జునప్ప. మద్రాసు గుర్రపు పటాలంలో దఫేదారు. దఫేదారనగానే మనకు కలెక్టరు ముందు ఎర్ర పటకా కట్టుకుని నడిచే బంట్రోతు గుర్తొస్తాడు గానీ, ఈయన రౌతుల జట్టుకు పెద్ద. 1858లో సిపాయిల తిరుగుబాటు అణచడానికి ఇంగ్లీషువాళ్ళు పటాలాన్ని ఉత్తరాదికి నడిపించుకుపోయినప్పుడు, ఏదో నది ఒడ్డున జరిగిన పోరులో అందరికంటే ముందు ఒక్కడే శత్రువు మీదికి దూకాడట. దానికి వెండి పతకం ఇచ్చారు. ఆ పతకాన్ని ఊరికి తిరిగొచ్చిన నెలలోనే కరిగించి, పెళ్ళానికి కుంకుమభరిణె చేయించాడు. ఎందుకలా చేశాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ భరిణె మాత్రం ఇప్పటికీ చెన్నకేశవులు గారి భార్య భానుమతి వాడుతోంది.

ఆయన పుస్తకం చేతిరాతలో అరవై నాలుగు పేజీలు. ఇంగ్లీషులోనే రాశారు, అదీ ఆఫీసు నోట్ రాసినట్టు. మల్లికార్జునప్ప పుట్టాడు అని రాయడానికి బదులు, పుట్టినట్లు అందుబాటులో ఉన్న రికార్డును బట్టి తెలియవస్తోంది అని రాశారు. నేను నవ్వు ఆపుకుంటూ చదివాను. పోరు జరిగిన పేజీలో మాత్రం నాలుగు వరసల మీద తెల్లకాగితం ముక్క అతికించి ఉంది. దాని మీద ఒకటే వాక్యం. ఒక్కడివే ముందుకెందుకు దూకావని కర్నలు అడిగితే, నా గుర్రం పోయినా, నేను పోయినా లెక్కచెయ్యను అన్నాడట. అసలు తెలుగులో ఏమన్నాడో ఎక్కడైనా ఉందా అని అడిగాను. చెన్నకేశవులు గారు నీళ్ళు నమిలారు. దుబాసీ చేసిన ఇంగ్లీషు మాత్రమే దొరికిందన్నారు.

ఇదంతా ఎందుకండీ అని కూడా అడిగాను. మొహమాటంగానే అయినా నిజం చెప్పారు. కూతురు ఇషిత గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగు రెండో సంవత్సరం. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో ఇస్తుంది. అదీ ఒక్క ముక్కలో. తండ్రి గురించి ఎవరైనా అడిగితే, పాపా ఆఫీసులో ఉంటారు అని ఊరుకుంటుంది. "నన్ను చూసి గొప్పనుకోవాల్సిన పనేం ల్యా మేడమ్. మా ఇంట్లో ఒకాయప్ప ఉన్న్యాడు, ఆయప్ప కథ ఆ పాప ఒక్కసారి వినాల. అంతే" అన్నారు. ఆ మాటకు నా మనసు నీరైపోయింది. కానీ మనసు పెట్టి పని చేయాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

పుస్తకం ఇంగ్లీషు పేరులో సైనికుడికి ముందు డెకొరేటెడ్ అని ఉంది. అంటే పతకాలు పొందిన అని. ఆ రోజు కోళ్ళ తెగుళ్ళ మీద పద్దెనిమిది పేజీలు నా నెత్తిన ఉన్నాయి. డెకొరేటెడ్ చూశాను, చెయ్యి దానంతటదే అలంకృత అని రాసేసింది. ‘ఒక అలంకృత అశ్వికుని జీవితం.’ చెవికి ఇంపుగానే ఉంది. పుస్తకావిష్కరణ ఆహ్వానపత్రిక మీద అదే అచ్చయింది.

ఆ ఆవిష్కరణ జరిపేది మా తెలుగు సంఘం, దాని అధ్యక్షులు సత్యనారాయణ గారు. జాయింట్ సెక్రటరీగా రిటైరై ఆరేళ్ళయినా ఆ హోదా ఒంటిమీద నుంచి దిగలేదు. మా సంఘంలో కార్తీక వనభోజనాలకు కూడా ఫైలు నడుస్తుంది. ఆయన ఆహ్వానపత్రిక చదివి, అశ్వికుడు సరే, అలంకరణ ఎవరు చూస్తున్నారు అని అడిగారు. వెంటనే ముగ్గురితో అలంకరణ ఉపసంఘం వేశారు. అశ్వికుడి వేషం వంశీకుడే వేయడం సముచితమని, గుర్రాన్ని తెప్పించాలని, కాలనీ గుడి దగ్గర నుంచి హాలు దాకా ఊరేగింపుగా రావాలని నిర్ణయించారు. సభ్యులందరూ వీరుని అనుసరించవలెను అని కార్యక్రమ పత్రంలో రాయించారు.

అది పూలతో అలంకరించడం కాదండీ, తప్పు నాది, వెళ్ళి చెప్పండి అని చెన్నకేశవులు గారిని తరిమాను. ఆయన నోటితో చెప్పలేక నోట్ పెట్టారు. అలంకృత అనగా ఇక్కడ పతకము పొందిన అని భావము, తమ దృష్టికి తేవడమైనది అని. దాని మీద సత్యనారాయణ గారు మార్జిన్‌లో మాట్లాడండి అని రాశారు. మాట్లాడటానికి వెళితే ఆయనే మాట్లాడారు, నలభై నిమిషాలు. పతకం పొందినవాడైతే ఆ పతకం ఏదని అడిగారు. కుంకుమభరిణె అయిపోయింది సార్ అని ఈయన చెప్పారు. అయితే భరిణె పెట్టుకోండి అని ఆయన తీర్పు ఇచ్చారు. చెన్నకేశవులు గారు సరే సార్ అని వచ్చేశారు. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు మరి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నవంబరు ఇరవై అయిదు, ఆదివారం. ఆర్.కె.పురంలో గుడి ముందు పొద్దున పదిన్నరకు మేం నలభై మందిమి చేరాం. ఢిల్లీలో గుర్రమంటే పెళ్ళి గుర్రమే. అలంకరణ ఉపసంఘం తెచ్చింది ఒక తెల్ల ఆడగుర్రం, పేరు రాణి. కాళ్ళకు గజ్జెలు, మెడలో పూసలు, నుదుట అద్దాల పట్టీ. సైనిక దుస్తులు ఎక్కడా దొరక్క బ్యాండు మేళం దుకాణంలో ఎర్రకోటు తెచ్చారు. భుజాల మీద బంగారు కుచ్చులు బాగానే ఉన్నాయి గానీ, వీపు మీద న్యూ ప్రిన్స్ బ్యాండ్ అని హిందీ అక్షరాల్లో కుట్టి, కింద ఫోన్ నంబరు కూడా ఉంది. గుర్రంతోపాటు వచ్చింది కదా అని పెళ్ళికొడుకు మొహానికి కట్టే పూల జాలరు కూడా కట్టేశారు. గుండె మీద భానుమతి కుంకుమభరిణెను నల్లదారంతో చుట్టి, రెండు పిన్నీసులతో గుచ్చారు. లోపల కుంకుమ తీసేయాలని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఆయన గుర్రమెక్కడానికి మూడు ప్లాస్టిక్ కుర్చీలు, నలుగురు మనుషులు కావలసి వచ్చింది. ఎక్కాక జాలరు పక్కకు తీసి జనంలో కూతురి కోసం వెతికారు. ఇషిత గేటు వెనకాల నిలబడి ఉంది, హాస్టల్ నుంచి బస్సు పట్టుకుని పొద్దున్నే వచ్చింది. చున్నీ మొహానికి చుట్టుకుని కళ్ళు మాత్రం బయట పెట్టింది. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతోందని ఆ కళ్ళే చెబుతున్నాయి. చెన్నకేశవులు గారు జాలరు మళ్ళీ మొహం మీదికి లాగేసుకున్నారు.

గుర్రం మనిషి సత్యనారాయణ గారితో ఏదో చెప్పబోయాడు, గ్యారా బజే తక్, గ్యారా బజే తక్ అని. పదకొండు దాకే గుర్రం అని వాడి గోల. మా అధ్యక్షుల వారు అప్పుడు ప్రారంభోపన్యాసంలో ఉన్నారు. అందులో పతకాల ప్రస్తావన వచ్చేసరికి పదకొండయింది.

సరిగ్గా అప్పుడు రెండు వీధుల అవతల పెళ్ళి బ్యాండు మొదలైంది. రాణి చెవులు నిక్కబొడుచుకుంది. గజ్జెలు ఒకసారి ఘల్లుమన్నాయి. మరుక్షణం గుర్రం లేదు, చెన్నకేశవులు గారూ లేరు. దూరంగా వీపు మీద ఫోన్ నంబరు మాత్రం కనబడుతోంది.

ఏం చేయాలో తెలియనప్పుడు ప్రభుత్వోద్యోగి కార్యక్రమ పత్రం చూస్తాడు. వీరుని అనుసరించవలెను అని ఉంది. నలభై మందిమి అనుసరించాం. ముందు పూర్ణకుంభం, వెనక నాదస్వరం మోగుతున్న టేప్ రికార్డరు, ఆ వెనక పట్టుచీరలు, అందరికంటే చివర మా అధ్యక్షులు. పరుగు మధ్యలో కుంకుమభరిణె మూత ఊడింది. కోటు, జాలరు, గుర్రం మెడ అన్నీ ఎర్రబడ్డాయి. తోవలో ఒకావిడ బాల్కనీలోంచి చూసి దండం పెట్టింది.

పార్కులో పెద్ద షామియానా. సర్దార్ల పెళ్ళి, పొద్దునపూట చేస్తారు కదా. గేటు ముందు ఎర్రకోట్ల బ్యాండు వాయిస్తోంది. పెళ్ళికొడుకు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తన గుర్రం కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ గుర్రమే మా రాణి. పదిన్నరకు మాకు, పదకొండుకు వాళ్ళకు మాట ఇచ్చాడట ఆ మహానుభావుడు. దానికి మా సంఘంతో పని అయిపోయింది, తరవాతి డ్యూటీకి వచ్చేసింది. వచ్చి బ్యాండు ముందు నిలబడి అడుగులు వేయడం మొదలుపెట్టింది. దాని మీద చెన్నకేశవులు గారు రెండు చేతులతో మెడ వాటేసుకుని ఉన్నారు. బ్యాండువాళ్ళు ఆయన కోటు చూసి, నీ బాకా ఏదని సైగ చేశారు.

ఆడపెళ్ళివారు మమ్మల్ని చూసి మగపెళ్ళివారి తరఫు మద్రాసీ స్నేహితులనుకున్నారు. ఎదురుకోలులో మర్యాదలు మొదలైపోయాయి. ఒక ఆరడుగుల సర్దార్జీ సత్యనారాయణ గారి మెడలో దండ వేసి, కౌగిలించుకుని, నేల మీద నుంచి జానెడు ఎత్తి దింపాడు. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎవరూ అలా ఎత్తలేదనుకుంటాను. దిగాక చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఒక్కందుకు ఆ సర్దార్జీకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అప్పుడు పెళ్ళికూతురి తండ్రి గుర్రం దగ్గరికి వచ్చాడు. పెద్దాయన. కోపంగా కాదు, మర్యాదగానే అడిగాడు. ఏదో మంగళవాక్యం చదవడానికి తెచ్చిన మైకు ఇంకా చేతిలోనే ఉంది. "ఆప్ కౌన్ హై జీ?"

మీరెవరండీ అని. ఆరు వారాలుగా ఆ మనిషిని అలంకరించారు, ఊరేగించారు, గుర్రమెక్కించారు. ఈ ప్రశ్న మాత్రం మాలో ఒక్కరం అడగలేదు. చెన్నకేశవులు గారు జాలరు తీసేశారు. కుంకుమ నిండిన మొహంతో కూతురి కోసం చూశారు. ఇషిత అప్పటికి పరిగెత్తుకుంటూ ముందుకు వచ్చేసింది. తండ్రి పడతాడేమో అన్న భయంలో చున్నీ ఎప్పుడో జారిపోయింది. ఆయన వంగి మైకు అందుకున్నారు.

హిందీలో చెప్పారు. పుస్తకంలో లేని భాషలో, నోట్ భాష కాని మాటల్లో. నేను దఫేదారు మల్లికార్జునప్ప మునిమనవడి కొడుకుని అన్నారు. పతకం సంగతి చెప్పారు. ఆ తరవాత కూతురి వైపు తిరిగారు.

"మా పెద్దాయన శత్రువు మీదికి దూకలేదు" అన్నారు.

బ్యాండు దానంతటదే ఆగింది. ఆయన చెప్పుకుపోయారు. ఆ గుర్రం అంతకు నెల ముందు శత్రువు దగ్గర పట్టుకొచ్చినదట. నది అవతల వాళ్ళ గుడారాల్లో దాణా వేళకు డోలు కొడతారు. ఆ డోలు వినబడింది. గుర్రం తన ఇంటికి తను బయలుదేరింది. మల్లికార్జునప్ప కళ్ళెం లాగాడు, కాళ్ళు తన్నాడు, దండం కూడా పెట్టాడు. అది ఆగలేదు. వెనక బాకా ఊదేవాడు అది హుకుమనుకుని ఊదేశాడు. రెండు వందల మంది రౌతులు వెనకాలే దూకారు. శత్రువు పారిపోయాడు.

ఎందుకు దూకావని కర్నలు అడిగాడు. మల్లికార్జునప్ప నిజమే చెప్పాడు. చెన్నకేశవులు గారు ఆ మాట ముందు తెలుగులో అన్నారు, "గుర్రం పాయ, నేనూ పోయినా." ఆ తరవాత హిందీలో అన్నారు, "ఘోడా గయా, తో మై భీ గయా."

అక్కడ నాకు బుర్ర తిరిగింది. అనంతపురంలో పాయ అంటే పోయింది అని, నేను పోయినా అంటే నేను వెళ్ళాను అని. అంతే, అంతకంటే ఏమీ లేదు. దుబాసీది మా బందరు వైపు అని పుస్తకంలోనే ఉంది. మా వైపు పోయినా అంటే, వెళ్ళినా అనీ, చచ్చినా అనీ. వాడు ఆ రాయలసీమ మాటను మా కోస్తా చెవితో విని, గుర్రం పోయినా నేను పోయినా లెక్కచెయ్యను అని వీరగాథ రాసి కర్నలుకు ఇచ్చాడు. పతకం వచ్చింది. నూట యాభై ఏళ్ళ తరవాత అదే కోస్తా నుంచి నేను బయలుదేరి అలంకృత అని రాశాను. గుర్రం వచ్చింది.

పటాలం రాయసగాడు కాగితం అంచున తెలుగులో రాసుకున్న అసలు మాట, గుర్రం కథతో సహా, ఆయనకు రెండేళ్ళ కిందట దొరికిందట. చదివి ఆ రోజు అన్నం తినలేదట. ఇంట్లో ఉన్న ఒక్క గొప్పవాడూ లేకుండా పోతాడని, కూతురికి చెప్పడానికి ఇంకేం మిగలదని, దాని మీద కాగితం ముక్క అతికించేశారు. ఇది కూడా మైకులోనే చెప్పారు. చెప్పి తల దించుకున్నారు.

ఎక్కడో ఒక ముసలి సర్దార్నీ నవ్వింది. ఘోడా గయా తో మై భీ గయా అని పక్కావిడకు మళ్ళీ చెప్పింది. షామియానా అంతా నవ్వు. నేను మాత్రం ఇషితనే చూస్తున్నాను. ఆ పిల్ల నవ్వడం లేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, తండ్రి వైపు తలెత్తి అడిగింది.

"ఫిర్ క్యా హువా, పాపా?"

తరవాత ఏమైంది అని. పుట్టి పంతొమ్మిదేళ్ళయినా ఆ పిల్ల తండ్రిని ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. ఆయన మైకు ఎవరికో ఇచ్చేసి, కూతురికి మాత్రమే వినబడేలా చెప్పారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది. గుర్రం దాణా తొట్టి దగ్గర ఆగింది, తినడం మొదలుపెట్టింది. చుట్టూ తుపాకులు పేలుతుంటే ఆయప్ప దాని మీద కూర్చునే ఉన్నాడు. పతకం గుర్రానిదని ఆయనకు తెలుసు. పెట్టుకోబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు, అందుకే కుంకుమభరిణె చేయించాడు. "ఆయప్ప చేసిందంతా ఒకటే మ్మా. కింద పడల్యా."

ఇషిత తన చున్నీతో ఆయన మొహం మీది కుంకుమ తుడిచింది. తుడిచినకొద్దీ ఇంకా ఎర్రబడింది. చివరికి ఇద్దరూ నవ్వేశారు. పెళ్ళికొడుకు పాపం వినయంగా, అంకుల్‌జీ, నా ముహూర్తం అని గుర్తుచేశాడు. తను కూర్చున్న కుర్చీయే తెచ్చి వేశాడు. కూతురి భుజం పట్టుకుని చెన్నకేశవులు గారు దిగారు. పడలేదు.

మమ్మల్ని భోజనం చేయకుండా పంపలేదు వాళ్ళు. మా వాళ్ళు మోసుకొచ్చిన పుస్తకాల కట్ట ఇందాక నవ్విన ముసలావిడ చేత అక్కడే విప్పించారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, పుస్తకం తలకిందులుగా పట్టుకుని ఫోటో దిగింది. సత్యనారాయణ గారు దండ తీయకుండానే ఇంటికి వెళ్ళారు. మర్నాడు సంఘం మినిట్స్‌లో, కార్యక్రమము అన్ని వర్గముల భాగస్వామ్యముతో దిగ్విజయముగా ముగిసినది అని రాయించారు.

శుక్రవారం చెన్నకేశవులు గారు రిటైరయ్యారు. ఇషిత ఆ వీడ్కోలు సభకు సెలవు పెట్టి వచ్చింది. సోమవారం ఆయన పనీపాటా లేని మనిషిగా మొదటిసారి మా ఆఫీసుకు వచ్చి నా ఎదుట కూర్చున్నారు. చేతిరాత ప్రతిలో ఆ పేజీ మీది కాగితం ముక్క పీకేశానన్నారు. ఆ తరవాత జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు సర్దుకుని, నా చేతికిచ్చారు. ముందు రోజు సాయంత్రం హాస్టలుకు బయలుదేరిన కూతురు పంపిన మెసేజి. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు మాత్రం తెలుగు. ఆ పిల్ల ఆయనకు తెలుగులో రాసిన మొదటి మెసేజి అదే.

‘బస్ పాయ, నేనూ పోయినా.’

"మా పక్క అర్థం నాకు తెలుసు. బస్సు పాయ, నేనూ పోతి అని. మీ పక్క దీనికేం అర్థం మేడమ్?" అని అడిగారు.

ఈసారి తొందరపడలేదు. టీ చల్లారిపోయింది. మా వైపైతే, నేను వెళ్ళినా, అని అర్థమన్నాను. వాక్యం అక్కడితో ముగియదు, వెళ్ళినా అన్నాక చెప్పాల్సింది ఇంకా ఏదో మిగిలి ఉంటుంది అన్నాను.

ఆయన ఫోను తీసుకుని ఆ మెసేజిని ఇంకోసారి చదువుకున్నారు. కళ్ళు తడి అయ్యాయి, దాచుకోలేదు.

"రెండు అర్థాలూ ఉండనీండి మేడమ్" అన్నారు.